పర్లాకిమిడి 761200: ఒక పిన్‌కోడ్‌ని చేత్తో విప్పి చూడడం ఎలా

మనం జీవితంలో లెక్కలేనన్నిసార్లు రాసి, ఒక్కసారి కూడా సంఖ్యగా చూడని సంఖ్య ఒకటుంది. అది మన ఊరి పిన్‌కోడ్. కవరు మీద రాస్తాం, బ్యాంకు ఫారంలో రాస్తాం, ఆన్‌లైన్‌లో చీర బుక్ చేసినా రాస్తాం. ఆ ఆరు అంకెల్ని కాగితం, పెన్నుతో కూర్చుని ఎలా విప్పాలో, విప్పితే లోపల ఏముంటుందో ఇక్కడ వరసగా చెప్తాను. నేను తీసుకున్నది ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి పిన్‌కోడ్, 761200. మీరు మీ ఊరిది తీసుకోండి. పద్ధతి అదే.

ఆరు అంకెల సంఖ్యే ఎందుకంటే, చేతి లెక్కకు అది సరిగ్గా సరిపోయే సైజు. మూడంకెల సంఖ్య ఎక్కాలతోనే తేలిపోతుంది. పదంకెల ఫోన్ నంబర్ పట్టుకుంటే లక్ష లోపున్న 9,592 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాల్సి రావచ్చు, అది మనిషి చేసే పని కాదు. ఆరంకెల సంఖ్యకు ఒక సాయంత్రం చాలు. కాలిక్యులేటర్ పక్కన పెట్టేయండి. చివర సరిచూసుకోవడానికి కావాలంటే తీద్దురుగాని.

ముందు సంఖ్యను ఊరికే చూడండి

పెన్ను పట్టుకునే ముందు ఒక నిమిషం దాన్ని చూడండి. మన తెలుగు అంకెల్లో రాస్తే ౭౬౧౨౦౦. మా బజారులో బోర్డుల మీద ఒడియా అంకెల్లో ఉంటుంది. ఏ లిపిలో రాసినా ఏడు లక్షల అరవై ఒక వేయి రెండు వందలే. లిపి మారితే సంఖ్య గుణం మారదని పిల్లలకు చెప్పడానికి మా ఊరికంటే మంచి చోటు లేదు. ఇంట్లో ఒక లిపి, బడిలో ఇంకో లిపి.

పిన్‌కోడ్‌లో ప్రతి అంకెకూ ఒక పని ఉంది. ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది, రూపొందించినది శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె దేశంలో ఏ పోస్టల్ జోనో చెప్తుంది, మొదటి మూడూ కలిసి ఉత్తరాలు వేరుచేసే జిల్లాను చెప్తాయి, చివరి మూడూ పోస్టాఫీసును. మా ఊరిది 7తో మొదలవుతుంది. మహేంద్రతనయ ఏటికి అవతల, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న పాతపట్నం పిన్‌కోడ్ 532213, అది 5తో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. చుట్టరికాలు రెండు వైపులా ఉన్నాయి. అంకె మాత్రం ఒక్క పెట్టున రెండు లక్షల పైచిలుకు దూరం జరిగింది.

చూడడంలో తేలే సంగతులు రాసుకోండి. చివర రెండు సున్నాలున్నాయి, అంటే 100తో పోతుంది. అంకెలు కూడితే 7+6+1+2 = 16. 16 మూడుతో పోదు కాబట్టి మన సంఖ్య 3తో గానీ 9తో గానీ పోదు. పెన్ను కదపకుండానే ఇంత తెలిసింది.

ఎంతవరకు వెతకాలో హద్దు పెట్టుకోండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత టెన్షన్ పడతారు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే అందులో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. కాబట్టి వర్గమూలం దాకా వెతికితే చాలు. 872 × 872 = 7,60,384. 873 × 873 = 7,62,129. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది. అంటే 872 దాటి వెతకక్కర్లేదు. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 150. ఎంత మొండి సంఖ్యైనా 150 భాగహారాల్లో లొంగి తీరాలి.

ఒక్కో కారణాంకం ఊడివస్తున్న కొద్దీ మిగిలిన సంఖ్య చిన్నదవుతుంది, దానితోపాటు హద్దు కూడా దగ్గరికి వస్తుంది. మా సంఖ్య విషయంలో ఆ 150 ఎంతకు తగ్గిందో కిందే చూస్తారు.

సగం చేస్తూ పోండి

సరి సంఖ్య అయితే సగం చేయండి. ఇంకా సరి సంఖ్యే అయితే మళ్లీ సగం.

7,61,200
3,80,600
1,90,300
95,150
47,575

నాలుగు సగాల తర్వాత బేసి సంఖ్య దగ్గర ఆగాం. మన పెద్దవాళ్ల లెక్కలో అర, పావు తర్వాత వీసం ఉండేది. వీసం అంటే పదహారో వంతు, అంటే సరిగ్గా నాలుగుసార్లు సగం. మా అమ్మమ్మ ధాన్యం పంపకాల్లో ఆ మాట వాడేది. 761200కి వీసం కచ్చితంగా 47,575, మిగులూ తగులూ లేదు. కానీ ఆ వీసంలో సగం అడిగితే తెగదు. అంటే మన సంఖ్యలో 2 నాలుగుసార్లు ఉంది, అయిదోసారి లేదు.

ఇప్పుడు 5 వంతు. 47,575 ÷ 5 = 9,515. మళ్లీ 9,515 ÷ 5 = 1,903. 3తో ముగిసింది కాబట్టి ఇక 5 లేదు.

ఏడు లక్షల సంఖ్య 1,903కి దిగింది. దాని వర్గమూలం 44 లోపే. 872 దాకా ఉన్న హద్దు ఒక్కసారిగా 43కి వచ్చేసింది.

చిక్కు పడేది ఇక్కడే

మా చెల్లెలి కూతురు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. ఒకరోజు కరెంటు పోయిన సాయంత్రం అరుగు మీద సుద్దముక్కతో ఇదే లెక్క చేయిస్తున్నాను. 1,903 దగ్గర ఆగిపోయింది. 3తో పోలేదు, 7తో చేస్తే శేషం 6. "మావయ్యా, ఇది మౌళిక సంఖ్యే, దేనితోనూ పోవట్లేదు" అంది. ఒడియాలో ప్రధాన సంఖ్యను మౌళిక సంఖ్య అంటారు.

"ఆగు తల్లీ, రెండింటితోనే కదా చూశావు. కుడి పక్క నుంచి ఒక అంకె కూడు, పక్కది తీసెయ్, మళ్లీ కూడు, మళ్లీ తీసెయ్" అన్నాను.

అరుగు మీద రాసింది: 3 − 0 + 9 − 1. వచ్చింది 11. కాసేపు దాన్నే చూసి, ఏమీ అనకుండా పక్కన 1903 ÷ 11 వేసింది. 173. శేషం లేదు.

ఆ సూత్రం ఇది: ఒకటి విడిచి ఒకటి కూడి తీసేస్తే 0 గానీ 11 గుణిజం గానీ వస్తే సంఖ్య 11తో పోతుంది. 10 అనేది 11కి ఒకటి తక్కువ. అందుకే స్థానం మారినప్పుడల్లా గుర్తు మారుతుంది.

పిన్‌కోడ్‌లకు దీనికన్నా బాగా పనికొచ్చే ఉపాయం ఒకటుంది, తప్పకుండా నేర్చుకోండి. 7 × 11 × 13 = 1001. పిన్‌కోడ్‌ని మూడంకెల తర్వాత కాస్త ఖాళీ వదిలి రాసే అలవాటు ఉంది కదా, 761 200 అని. ఆ రెండు ముక్కల్లో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. 761 − 200 = 561. ఇప్పుడు 7,61,200 బదులు ఈ 561ని పరీక్షిస్తే చాలు. 561 ఏడుతో పోదు, శేషం 1. పదమూడుతో పోదు, శేషం 2. పదకొండుతో పోతుంది, 51 సార్లు. ఒక్క తీసివేతతో మూడు ప్రధాన సంఖ్యల సంగతి తేలిపోయింది. ఎందుకంటే 7,61,200 అంటే 761 వేలూ 200. వేయి అంటే 1001కి ఒకటి తక్కువ. కాబట్టి అది 761 × 1001లోంచి 561 తీసేసినంత.

ఇక 173. దీని వర్గమూలం 13 పైన కాస్త. 2, 3, 5 చూడగానే పోవు. 7తో శేషం 5, 11తో శేషం 8, 13తో శేషం 4. అయిపోయింది, 173 ప్రధాన సంఖ్య. 150 భాగహారాలు అనుకున్న పని 13 దాకా వెళ్లి ముగిసింది.

761200 = 2 × 2 × 2 × 2 × 5 × 5 × 11 × 173

ఈ వరసను పెద్ద అక్షరాల్లో రాసి ఎదురుగా పెట్టుకోండి. ఇకపై మనం అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇందులోంచే రావాలి. మొదట విప్పకుండా ఏ గుణం వెతికినా గుడ్డిగా తడుముకున్నట్టే ఉంటుంది. విప్పాక ఒక్కొక్కటీ దానంతట అదే రాలుతుంది.

తప్పు పడిందేమో రెండు రకాలుగా చూడండి

మొదటిది తొమ్మిదుల పరీక్ష. అంకెలు ఒక్క అంకె మిగిలేదాకా కూడండి. 761200కి 16, దాని నుంచి 7. కుడి వైపు: 16కి 7, 25కి 7, 11కి 2, 173కి 2. 7 × 7 = 49, అంటే 13, అంటే 4. దాన్ని 2తో గుణిస్తే 8, మళ్లీ 2తో 16, అంటే 7. రెండు వైపులా 7. సరిపోయింది.

కానీ ఈ పరీక్షను పూర్తిగా నమ్మకండి, నాకు అనుభవమైంది. ఒకసారి ఉద్యోగం దరఖాస్తు కవరు మీద నా చిరునామాలో 761200 బదులు 761020 రాశాను. జవాబు ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి ఇంటర్వ్యూ అయిపోయాక చేరింది. పక్కపక్క అంకెలు తారుమారు చేయడం చేతిరాతలో అందరూ చేసే తప్పు. తొమ్మిదుల పరీక్ష దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అంకెలు అవే, మొత్తం అదే 16. తారుమారు వల్ల వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే. 761200 − 761020 = 180, అంటే 9 × 20.

పదకొండుల పరీక్ష మాత్రం పట్టుకుంటుంది. 761020కి 0 − 2 + 0 − 1 + 6 − 7 = −4. సున్నా రాలేదు, 11తో పోలేదు, కాబట్టి ఇది మా ఊరి సంఖ్య కాదు. ఆధార్ నంబర్‌లో చివరి అంకెను ఇలాంటి తప్పులు పట్టడానికే పెట్టారు. పిన్‌కోడ్‌లో అలాంటి కాపలా అంకె లేదు. మా ఊరి పిన్‌కోడ్‌కి మాత్రం 11 గుణిజం కావడం వల్ల ఊరికే ఒక కాపలా దొరికింది. అప్పటినుంచి నేను ఎక్కడ రాసినా ఒకసారి మనసులో కూడి తీసేసి చూసుకుంటాను.

భాజకాలు లెక్కపెట్టండి, తర్వాత కూడండి

761200ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని? వెతకొద్దు, విప్పిన వరస చూడండి. భాజకం తయారు చేయాలంటే 2ని సున్నా నుంచి నాలుగుసార్ల దాకా తీసుకోవచ్చు, అయిదు దారులు. 5ని మూడు దారులు. 11ని రెండు, 173ని రెండు. 5 × 3 × 2 × 2 = 60.

అరవై భాజకాలంటే ముప్పై జతలు. వాటిలో నాకు ఇష్టమైన జత 865, 880. అది 5 × 173, 16 × 5 × 11. గుణిస్తే సరిగ్గా 7,61,200. వర్గమూలం 872కి అటూ ఇటూ ఇంత దగ్గరగా రెండు భాజకాలు కూర్చున్నాయి. 865 అడుగులు ఒక పక్క, 880 ఇంకో పక్క ఉన్న పొలమైతే దూరం నుంచి చూసినవాళ్లు నలుచదరమే అనుకుంటారు.

భాజకాలన్నీ కూడితే ఎంత అన్నది కూడా అరవై సంఖ్యలు రాయకుండానే వస్తుంది. ఒక్కో ప్రధాన సంఖ్యకు విడిగా కూడి, ఆ మొత్తాల్ని గుణించండి.

2కి: 1 + 2 + 4 + 8 + 16 = 31
5కి: 1 + 5 + 25 = 31
11కి: 1 + 11 = 12
173కి: 1 + 173 = 174

31 × 31 × 12 × 174 = 20,06,568.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 31 రెండుసార్లు వచ్చింది. 2లతో అయిదు మెట్లు కట్టినా 31, 5లతో మూడు మెట్లు కట్టినా 31. ఇలా రెండు వేర్వేరు పునాదుల మీద, మూడు మెట్లకు తగ్గకుండా కట్టి ఒకే మొత్తానికి చేరే సంఖ్యలు ప్రపంచంలో ఇప్పటిదాకా రెండే తెలుసు. ఒకటి 31. రెండోది 8191, అది 2లతో పదమూడు మెట్లు, 90తో మూడు మెట్లు (1 + 90 + 8100). ఇంకేవీ ఉండవని బెల్జియంకు చెందిన గోర్మాగ్టిగ్ 1917లో ఊహించారు. నేటికీ ఎవరూ నిరూపించలేదు, ఎవరూ తప్పని చూపించలేదు. మా ఊరి పిన్‌కోడ్ భాజకాలు కూడుతుంటే అలాంటి సమస్య తగిలింది. మొదటిసారి చూసినప్పుడు నేను పెన్ను కింద పెట్టేశాను.

20,06,568లోంచి సంఖ్యను తీసేస్తే 12,45,368. అంటే తన భాజకాల మొత్తం తనకంటే చాలా ఎక్కువ. ఇలాంటివాటిని అధిక సంఖ్యలంటారు. ఇది మా సంఖ్య ప్రత్యేకత కాదు. 20 తీసుకోండి: 1 + 2 + 4 + 5 + 10 = 22, తనకంటే ఎక్కువ. అధిక సంఖ్య గుణిజాలన్నీ అధిక సంఖ్యలే. మాది 20 గుణిజం కాబట్టి ఇంత కూడికలు చేయకుండానే చెప్పేయొచ్చు.

20 అనగానే మా కొండల్లోని సవరలు గుర్తొస్తారు. సవర భాషలో లెక్క 12 దాకా విడి పేర్లతో వెళ్తుంది. 13 అంటే పన్నెండు-ఒకటి, 19 అంటే పన్నెండు-ఏడు. 20 దగ్గర కొత్త మెట్టు. 93 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో పంతులుగా ఉన్నప్పుడే ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 12, 20 రెండూ చిన్న అధిక సంఖ్యలే, పంపకాలకు తేలిగ్గా లొంగేవి.

మా సంఖ్యను ఇరవైల్లో విప్పి చూడండి. 20తో భాగిస్తూ శేషాలు రాసుకోవాలి. 7,61,200 ÷ 20 = 38,060, శేషం 0. మళ్లీ 1,903, శేషం 0. మళ్లీ 95, శేషం 3. మళ్లీ 4, శేషం 15. చివరికి 4. కింద నుంచి పైకి చదివితే 4, 15, 3, 0, 0. ఆ 15ని సవరలు పన్నెండు-మూడు అంటారు. పదుల్లో రెండు సున్నాలతో ముగిసిన సంఖ్య ఇరవైల్లోనూ రెండు సున్నాలతోనే ముగిసింది.

వర్గాల మొత్తంగా రాయడానికి ప్రయత్నించండి

ఇది అన్నిటికంటే ఎక్కువ ఆనందం ఇచ్చే మెట్టు, తొందర పడకండి. ప్రశ్న ఇది: 761200ని వర్గాలు కలిపి కట్టాలి. తక్కువలో తక్కువ ఎన్ని వర్గాలు కావాలి?

ఒక్కటి చాలదు, 872, 873 మధ్య ఉందని చూశాం. రెండు? మూడు? పిల్లలు వెంటనే వెతకడం మొదలుపెడతారు. వెతకనివ్వండి, పావుగంట. తర్వాత ఆపి ఇది చేయించండి.

వర్గాల్ని 8తో భాగించి శేషాలు రాయాలి. 1కి 1. 4కి 4. 9కి 1. 16కి 0. 25కి 1. 36కి 4. ఎంత దూరం వెళ్లినా 0, 1, 4 తప్ప ఇంకో శేషం రాదు. ఇప్పుడు ఈ శేషాల్లోంచి మూడు తీసుకుని (ఒకటే మళ్లీ తీసుకోవచ్చు) కూడితే 7 వస్తుందేమో చూడండి. ఒక 4 తీసుకుంటే ఇంకా 3 కావాలి, మిగిలిన రెండు చోట్ల 1, 1 పెట్టినా 2 దాటదు. రెండు 4లు తీసుకుంటే 8 అయిపోతుంది. 4 అసలు తీసుకోకపోతే 3 దాటదు. 15 కూడా రాదు, మూడు 4లకు 12 మించదు కాబట్టి. అంటే 8తో భాగిస్తే 7 మిగిలే సంఖ్య ఎప్పటికీ మూడు వర్గాల మొత్తం కాలేదు.

మా సంఖ్యకు 8తో శేషం 0 కదా, దీనితో పనేంటి అంటారు. ఇంకో చిన్న మెట్టు ఉంది. మూడు వర్గాల మొత్తం 4తో పోతే ఆ మూడూ సరి సంఖ్యల వర్గాలే అయి ఉండాలి, ఎందుకంటే బేసి వర్గం ఒక్కొక్కటీ 4తో 1 శేషం వదులుతుంది. మూడూ సరి సంఖ్యలైతే మూడింటినీ సగం చేయొచ్చు, మొత్తం నాలుగో వంతు అవుతుంది. 7,61,200ని ఇలా రెండుసార్లు దించితే వస్తుంది మన పాత వీసం, 47,575. దాన్ని 8తో భాగించండి. 8 × 5,946 = 47,568. శేషం 7.

కాబట్టి 47,575 మూడు వర్గాలు కాదు, 7,61,200 కూడా కాదు. రెండు వర్గాల మొత్తం కూడా కాదు, ఎందుకంటే రెండు వర్గాలకు సున్నా వర్గం కలిపితే మూడే. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, మీ చేత్తో మీరే నిరూపించారు.

నాలుగు చాలతాయా? ఏ పూర్ణసంఖ్యకైనా నాలుగు వర్గాలు చాలునని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. ఆ నాలుగూ ఎలా దొరుకుతాయో చూడండి. చిన్న సంఖ్య 47,575 మీద పని చేయండి. 218 × 218 = 47,524. మిగిలింది 51. 51 అంటే 49 + 1 + 1. దొరికింది. 218, 7, 1, 1 ఒక్కోదాన్ని 4తో గుణించి పైకి తెస్తే:

761200 = 872² + 28² + 4² + 4²

7,60,384 + 784 + 16 + 16. కూడి చూసుకోండి.

సగటున ఆరు సంఖ్యల్లో ఒకటి మాత్రమే ఇలా నాలుగూ అడుగుతుంది. సరిగ్గా ఏవి అడుగుతాయో లెజాండ్ర్ 1798లో తేల్చాడు. 4తో ఎంతవరకు పోతే అంతవరకు భాగించాక, 8తో 7 మిగిలేవి మాత్రమే. పాతపట్నం 532213కి 8తో శేషం 5, బరంపురం 760001కి శేషం 1. వాళ్లకు మూడు చాలు, మాకు నాలుగు కావాలి.

పక్క ఊరితో పోల్చండి

రెండు ఊళ్ల సంఖ్యలకు ఉమ్మడి భాజకం వెతకాలంటే రెంటినీ విప్పక్కర్లేదు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, శేషాన్ని తీసుకుని మళ్లీ అదే చేయాలి. యూక్లిడ్ కాలం నుంచి ఉన్న పద్ధతి. 761200, 532213తో మొదలుపెడితే శేషాలు ఇలా వస్తాయి: 228987, 74239, 6270, 5269, 1001, 264, 209, 55, 44, 11, 0. సున్నాకు ముందున్నదే జవాబు, 11. మధ్యలో మన 1001 కూడా తలుపు తట్టి వెళ్లింది.

ఇక్కడ సరిహద్దు పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. మనం గ.సా.భా. అనేదాన్ని ఒడియాలో గ.సా.గు. అంటారు. తెలుగులో క.సా.గు. వేరే, అది అతి చిన్న ఉమ్మడి గుణిజం. మా మేనకోడలు తెలుగు పుస్తకంలో చివరి "గు" చూసి పరీక్షకు ముందురోజు మొత్తం తలకిందులుగా చదివింది. పూర్తి పేరు రాయించండి, పొడి అక్షరాల్ని నమ్మకండి.

ఏరు అవతల ఊరికీ మాకూ ఉమ్మడిగా 11 ఉందని తెలిశాక బరంపురం 760001ని కూడా పట్టుకున్నాను. 760 − 1 = 759, అంటే 11 × 69. అదీ పోయింది! భాగిస్తే 69,091. మళ్లీ 11తో పోయింది, 6,281. మళ్లీ పోయింది, 571. అక్కడ ఆగింది, 571 ప్రధాన సంఖ్య. 760001 = 11 × 11 × 11 × 571. పాతపట్నానిది 11 × 48,383, ఆ 48,383 ప్రధాన సంఖ్య. దాన్ని తేల్చడానికి 219 దాకా ఓపిగ్గా వెళ్లాల్సి వచ్చింది.

మూడు ఊళ్లూ 11 గుణిజాలు కావడంలో అర్థం ఏమీ లేదు. కోడ్‌లు ఇచ్చినవాళ్లు 11ని చూసి ఇవ్వలేదు. ఏ సంఖ్యైనా 11తో పోయే అవకాశం పదకొండింట ఒకటి, ఈసారి అలా కుదిరింది. పిల్లలకు ఇది కుదిరిందనే చెప్పండి, న్యూమరాలజీ వైపు తిప్పకండి.

ఓపిక ఉంటే దశాంశంగా రాయండి

1ని 761200తో భాగిస్తే మొదట నాలుగు అంకెలు పునరావృతం కాకుండా వస్తాయి, ఆ తర్వాత 86 అంకెల ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. నాలుగు ఎందుకంటే 2 నాలుగుసార్లు ఉంది, 5 రెండుసార్లే కాబట్టి. 86 ఎందుకంటే 1/11 రెండంకెలకోసారి తిరుగుతుంది, 1/173 నలభై మూడంకెలకోసారి, రెంటికీ క.సా.గు. 86. 1/173ని చేత్తో చేయడం ఒక గంట పని:

0.0057803468208092485549132947976878612716763…

చేసేటప్పుడు అంకెల మీద కాదు, శేషాల మీద కన్నుంచండి. 1తో మొదలై 10, 100, 135, 139, 6 అంటూ వెళ్తాయి. ఏ శేషమూ రెండోసారి రాదు. నలభై మూడో మెట్టులో మళ్లీ 1 వస్తుంది. మధ్యలో ఎక్కడైనా అదే శేషం మళ్లీ కనిపిస్తే తప్పు పడినట్టు, వెనక్కి వెళ్లండి.

ఇక మీ వంతు

మీ పిన్‌కోడ్ 0 లేదా 5తో ముగియకపోతే, సరి సంఖ్య కాకపోతే పని కాస్త ఎక్కువే. రాయగడ వాళ్ల 765001 అలాంటిదే. 765 − 1 = 764, అది 7తో, 11తో, 13తో దేనితోనూ పోదు. 17 నుంచి ఒక్కో ప్రధాన సంఖ్యతో వెళ్లాలి. చాలా దూరం ఏమీ దొరకదు, మధ్యలో వదిలేయాలనిపిస్తుంది. వదలకండి, 61 దగ్గర పోతుంది. మిగిలేది 12,541. దాని వర్గమూలం 112 లోపే, కాబట్టి 61 నుంచి 109 దాకా ఇంకో 12 భాగహారాలు చేస్తే అది ప్రధాన సంఖ్యో కాదో తేలిపోతుంది. ఆ పన్నెండూ మీరు చేయండి.